మీటలూ, మూతలూ

మీ ఇంట్లో కూడా అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, చూసుకోండి. ఏ వరండాలోనో, మెట్లకిందో స్విచ్చిబోర్డు మీద అయిదు మీటలుంటాయి. నాలుగింటి సంగతి అందరికీ తెలుసు. అయిదోది నొక్కితే ‘టక్కు’మంటుంది తప్ప దీపం వెలగదు, ఫ్యాను తిరగదు. అది దేనికో ఇల్లు కట్టించిన వారికి తెలిసే ఉండాలి. వైరింగు చేసినతనికి ఇంకా బాగా తెలిసి ఉండాలి. మనకు మాత్రం తెలియదు. అయినా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ దాన్ని ఒకసారి నొక్కి, కప్పుకేసి చూసి, “ఇది దేనికండీ?” అని అడక్క మానడు.

ఆ మీట దగ్గర మనుషులు మూడు రకాలుగా తేలతారు. నొక్కి చూసేవారు మొదటి రకం. ఏమీ వెలగకపోతే ఇంకోసారి నొక్కుతారు, మొదటిసారి సరిగ్గా నొక్కలేదేమోనని. “పనికిరానిది గోడమీద ఎందుకూ, పీకి పారేయండి” అనేవారు రెండో రకం. “ఉంటే ఉండనీండి, దాని గొడవ మనకెందుకు” అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవారు మూడో రకం. పైకి చూస్తే ఇది స్విచ్చి సంగతే. కాస్త ఆగి చూస్తే మాత్రం, తనకు తెలియని దాని విషయంలో మనిషి ఎలా నడుచుకోవాలన్న ప్రశ్న. ఇంత పెద్ద ప్రశ్నకు ఉపనిషత్తుల దాకా పోవాలి కాబోలు అనుకోకండి. చిత్తూరు జిల్లా ఐరాలలో ఒక పాత కారు చాలు.

ఆ కారు మా మేనమామది. చెరుకు పండించి, గానుగాడించి, బెల్లం చిత్తూరు మండీకి తోలేవాడాయన. 1960ల చివర అంబాసిడర్ కొన్నాడు. ఈనాటి పిల్లలకు కారు కొనడమంటే షోరూముకు వెళ్ళడం. ఆనాడు కారు కొనడమంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడడం. దేశం మొత్తానికి చెప్పుకోదగ్గ కార్లు మూడే. బొంబాయి నుంచి ఫియట్, మద్రాసు నుంచి 1961 తర్వాత స్టాండర్డ్ హెరాల్డ్, కలకత్తా దగ్గర ఉత్తరపారా నుంచి అంబాసిడర్. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే పేరుతో తిరిగిన బండినే హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివర మనకు అంబాసిడర్‌గా పేరు మార్చి ఇచ్చారు. ఆ కంపెనీ 2014 మే నెలలో దాని తయారీ ఆపేసేదాకా, అరవై ఏళ్ళకు కాస్త తక్కువగా, ఆ గుండ్రటి వీపు మన రోడ్లమీద కనిపిస్తూనే ఉంది. మంత్రిగారూ అందులోనే, పెళ్ళికొడుకూ అందులోనే, ఆస్పత్రికి పోయే నిండు చూలాలూ అందులోనే.

మామ పోయాక కారు కొట్టంలో పడింది. ఆరేళ్ళు అలాగే ఉంది. ఎలుకలు సీటులో సంసారం పెట్టాయి. చింతాకు రాలి బానెట్టు మీద పరుపులా పేరుకుంది. చివరికి మామ కొడుకు, అంటే మా బావమరిది, దాన్ని అమ్మాలనుకున్నాడు. కూతురి చదువుకు డబ్బు కావాలి. చెన్నైలో పాత కార్లు సేకరించే ఒకాయన చూస్తానన్నాడు. 2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనాలకు ‘వింటేజ్’ అన్న హోదా ఇచ్చింది కదా. అప్పటినుంచి ‘అసలు రూపం’ అన్న మాటకు విలువ కట్టే షరాబులు బయలుదేరారు. ఆ చెన్నై ఆయన ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న ఇదీ: “డాష్‌బోర్డు మీద ఉన్నవన్నీ దేనికి ఏవి? అన్నీ పనిచేస్తాయా?”

బావమరిదికి తెలియలేదు. మీటల్లో మూడింటి సంగతి బొత్తిగా అంతుపట్టలేదు. ఇవి చాలనట్టు మూడు చోట్ల మీట ఉండాల్సిన చోట నల్లటి మూతలు! నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, వైర్లన్నీ నా మాట వింటాయని అతని నమ్మకం. చిత్తూరులో పాత కార్ల కరెంటు పని చూసే ఒక పెద్దాయనను వెంటబెట్టుకుని వెళ్ళాను.

ముందు మీటల సంగతి చెబుతాను. పాతకాలపు బ్రిటిష్ కార్లలో మీటల మీద ఈనాటిలాగా దీపం బొమ్మా, తుడుపుడు పుల్ల బొమ్మా ఉండేవి కావు. చాలావాటి మీద ఒక్క ఇంగ్లీషు అక్షరం ఉండేది. ‘సి’ అంటే చోక్, ‘ఎల్’ అంటే లైట్లు, ‘డబ్ల్యూ’ అంటే వైపరు. కొన్నింటి మీద అదీ లేదు. హెడ్‌లైటు కాంతి దించే మీటయితే చేతికి అందేచోటే ఉండదు. అంబాసిడర్‌లో అది కింద, ఎడమ పాదం దగ్గర ఉంటుంది. కొత్తగా నడిపేవాడు డాష్‌బోర్డంతా వెతికి వెతికి, ఎదురొచ్చే లారీవాడి చేత తిట్లు తిని, చివరకు కాలికింద దొరికించుకునేవాడు. ఆనాడు కారు తయారుచేసినవారి ధీమా ఏమిటంటే, కారు కొనేవాడికి నేర్పే మనిషి ఒకడు పక్కన ఉంటాడని. అక్షరం గుర్తు కోసమే, జ్ఞానం మాత్రం మనిషి నుంచి మనిషికి అందాల్సిందే. ఆ నేర్పే మనిషి పోయాడా, డాష్‌బోర్డు శిలాశాసనమై కూచుంటుంది.

అలాంటి శాసనం చదవడానికి ముందువైపు చూసి లాభం లేదు. ఆ పెద్దాయన మొదట బ్యాటరీ వైరు పీకేశాడు. తర్వాత వెల్లకిలా పడుకుని తలను డాష్‌బోర్డు కిందికి దూర్చి, “మొగం చూసేది కాదు సార్, వెనకాల చూడాల” అన్నాడు. బ్రిటిష్ కార్ల వైర్లకు ఒక రంగుల భాష ఉంది. లూకాస్ కంపెనీ కరెంటు సామాను వాడిన బళ్ళన్నింటిలో దాదాపు అదే భాష. 1961లో మద్రాసులో లూకాస్–టి.వి.ఎస్. వచ్చాక అది మనవాళ్ళకూ బాగా వంటబట్టింది. గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి తిన్నగా వచ్చేది. తెల్లది తాళంచెవి తిప్పితేనే ప్రాణం పోసుకునేది. ఆకుపచ్చది తాళంచెవి తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. ఎరుపు చిన్న దీపాలకు, నీలం హెడ్‌లైట్లకు, ఊదారంగు ఎప్పుడూ మెలకువగా ఉండే హారన్ లాంటివాటికి. నలుపు బండి శరీరానికి, అంటే భూమికి. ఈ భాష తెలిసినవాడికి మీట ఏమిటో మీట చెప్పక్కర్లేదు, దాని వెనకున్న వైరు చెబుతుంది.

అయితే ఎండకు రంగులు వెలుస్తాయి. యాభై ఏళ్ళలో ఎవరెవరో ఏవేవో తగిలిస్తారు. ఆ తగిలించినవాటిని పట్టుకోవడం ఇంకా సులువని పెద్దాయన చెప్పాడు. కంపెనీ వైరు కట్టలో కలిసి, బుద్ధిగా వరసలో వస్తుంది. తర్వాత వచ్చింది అడ్డదిడ్డంగా వేలాడుతుంది. ఇంటి దీపానికి వాడే మెలికల వైరు కారులో కనిపించిందా, అది కోడలు కాదు, చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయింది అని అర్థం. ఒక్కొక్క వైరుకు చీటీ కట్టి, బ్యాటరీ మళ్ళీ తగిలించి, రెండు తీగలు కట్టిన చిన్న బల్బుతో ఒక్కొక్కచోటే తాకించి చూశాడు. బల్బు వెలిగితే అక్కడ ప్రాణం ఉన్నట్టు.

అలా మొదటి మీట సంగతి తేలింది. అది ఫాగ్ ల్యాంపులకు. బంపరు మీద ల్యాంపులు లేవుగానీ, అవి బిగించిన చిల్లులు ఉన్నాయి. మామ నెలకోసారి తిరుమల వెళ్ళేవాడు. తిరుమలకు రెండో ఘాట్ రోడ్డు వచ్చింది 1974లో. అంతదాకా ఎక్కేవీ దిగేవీ 1944లో వేసిన మొదటి రోడ్డు మీదే. మార్గశిరమాసంలో తెల్లవారుజామున ఆ మలుపుల్లో పొగమంచు కమ్ముకుంటే పసుపు దీపాలు తప్పనిసరి. దీపాలు ఎప్పుడో పోయాయి. మీట మిగిలింది. దాని పని పోయినా దానికో చరిత్ర ఉంది.

రెండో మీటే అసలు కథ. అది డాష్‌బోర్డు మీద కాదు, కింద, మోకాలి దగ్గర చీకట్లో ఉంది. చిన్న పొడుగు పుల్ల. దానికి రెండు తెల్ల వైర్లు. ఒకటి తాళంచెవి నుంచి వస్తోంది, రెండోది ఇగ్నిషన్ కాయిల్‌కు పోతోంది. పెద్దాయన నవ్వాడు. “దొంగ మీట సార్” అన్నాడు. దొంగ కోసం పెట్టిన మీట అన్నమాట. అది ఆపి ఉంచితే తాళంచెవి తిప్పినా స్టార్టరు గిర్రున తిరుగుతుందే గానీ ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టదు. ఇంజను అంటుకోదు. ఎత్తుకుపోవడానికి వచ్చినవాడు పదిసార్లు తిప్పి విసిగి వెళ్ళిపోతాడు. మామ ప్రతిసారీ దిగేటప్పుడు దాన్ని ఆపి దిగేవాడు. చివరిసారి దిగినప్పుడూ ఆపే దిగాడు. ఆ రహస్యం ఎవరికీ చెప్పకుండా ఆయన వెళ్ళిపోయాడు.

ఇంతకీ ఆ కారు ఆరేళ్ళు ఎందుకు పడి ఉందో తెలుసా? స్టార్టు కాలేదు గనక! అప్పట్లో ఒక మెకానిక్కు వచ్చి, బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్‌కు ఒక వైరు తగిలిస్తే ఇంజను లేచిందట. “చూసినారా, వైరింగంతా కుళ్ళిపోయుండాది. మొత్తం మార్చాల. లేకుంటే బండి అంటుకుంటుంది” అని పెద్ద లెక్క చెప్పాడట. ఆ డబ్బు లేక, అంటుకుంటుందన్న భయంతో కారును చచ్చినవాటి జాబితాలో రాసేశారు. చావుకు కారణం ఒక పుల్ల. దాన్ని పైకి నెట్టి తాళంచెవి తిప్పితే, పాత పెట్రోలు తీసి కొత్తది పోసి కార్బురేటరు శుభ్రం చేశాక, దగ్గుతూ తుమ్ముతూ ఆ 1489 సి.సి. ముసలి ఇంజను లేచి కూచుంది.

మేమంతా చప్పట్లు కొడుతుంటే మా అత్త, మామ భార్య, అరుగుమీద చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తకుండా అంది:

“ఆ మీటా? మీ మామ కారెక్కినప్పుడు ముందు చెయ్యి కిందికి పెట్టి టిక్కుమనిపిస్తా ఉండె. ఆ తర్వాతే తాళంచెవి. దిగేటప్పుడూ అంతే. అన్నేండ్లు పక్కన కూచోనుంటిని, నాకు తెలీదా నాయనా?”

“మరి చెప్పలేదేం అత్తా?”

“మెకానిక్కు వచ్చిన పొద్దు చెప్పబోతి. ‘నువ్వుండుమా, ఇది నీకు తెలిసే యవ్వారం కాదు’ అనె ఈ అబ్బోడు. సరే, కాదేమో అనుకుంటి. ఆ తర్వాత ఎవురూ నన్ను అడగలా.”

బావమరిది వైర్ల కట్టను చాలా శ్రద్ధగా పరిశీలించసాగాడు.

చూశారా! ఇంట్లో అందరూ ఆ డాష్‌బోర్డు కేసి చూశారు. మీట దాక్కుని ఉంది కనుక దొరకలేదంటే అర్థముంది. అరుగుమీద అందరికీ ఎదురుగా కూచున్న మనిషి ఎలా కనబడకుండా పోయింది? కారణం ఒక్కటే. ఆవిడ ఉన్నచోట మనవాళ్ళు తమ మనసులో ఎప్పుడో ఒక నల్లమూత బిగించేశారు. ‘ఇక్కడ కారుకు సంబంధించినది ఏమీ లేదు’ అని. మూత మనం వేసినదే అయినప్పుడు, వెనక ఏముందో తీసి చూడాలన్న ఆలోచన కూడా రాదు.

మామను కూడా ఊరికే వదలకూడదు. రహస్యం నలుగురికీ చెబితే రహస్యం కాదు, నిజమే. కానీ ఎవరికీ చెప్పని రహస్యం కాపలాదారు పోయాక తానే దొంగవుతుంది. ఏ దొంగా ఎత్తుకుపోలేని కారును ఆ మీటే ఆరేళ్ళపాటు ఇంటివాళ్ళకు కాకుండా చేసింది. తాళం వేయడం ఎంత బాధ్యతో, తాళంచెవి ఎక్కడుందో ఒక్కరికైనా చెప్పిపోవడం అంత బాధ్యత. కారుకే కాదు, పొలం కాగితాలకూ, బ్యాంకు ఖాతాలకూ, ఊరిలో ఎవరికి ఎంత బాకీ ఉన్నామో ఆ లెక్కకూ ఇదే ధర్మం.

ఇక మూడో మీట. ఎడమవైపు అంచున, తళతళలాడే నికెలు పూతతో, అన్నింటికన్నా అందంగా ఉన్నది అదే. దాని వెనక ఒక్క వైరూ లేదు. ఎప్పుడూ ఉన్న గుర్తు కూడా లేదు. ఈసారి అత్తనే అడిగారు. “ఆడ ముందర చిన్న ఫ్యాను ఉండె. అది కాలిపోతే పీకేసినారు. తూటు చూడను బాగలేదని మీ మామ ఉత్త మీట తెచ్చి పెట్టించినాడు” అంది.

ఇక్కడే బావమరిదికీ నాకూ చర్చ వచ్చింది. అతను ఫాగ్ ల్యాంపులు లేవని చెప్పడానికి సిద్ధమే. ఆ చిల్లులు కనబడుతూనే ఉన్నాయి కదా. ఈ ఉత్త మీట సంగతి మాత్రం చెప్పనన్నాడు. “ఆయన అడిగితే చెప్తా బావా. అడక్కపోతే నేనెందుకు చెప్పాల? మీట అబద్ధం చెప్తాందా ఏంది? గమ్మున ఉండాది. గమ్మున ఉండేది తప్పా?”

ఆలోచించదగ్గ మాటే సుమండీ. మామ ఆ మీట పెట్టించినది ఎవరినీ మోసం చేయడానికి కాదు. చిరుగుకు వేసిన మాసిక అది. మాసిక అబద్ధమా? అదే మీటను చూపించి “ఇది ఫలానా దీపానిది” అంటే నిస్సందేహంగా అబద్ధం. మరి ఏమీ అనకపోతే?

దీనికి జవాబు నాకు న్యూయార్క్ నగరంలో దొరికింది. వెళ్ళి కాదులెండి, చదివి. అక్కడ రోడ్డు దాటేవాళ్ళ కోసం స్తంభాలకు బొత్తాలు ఉంటాయి. నొక్కి నిలబడితే కాసేపటికి దాటమని దీపం వస్తుంది. నగరంలో ఉన్న మూడు వేల పైచిలుకు బొత్తాల్లో చాలాభాగం ఎప్పుడో పనిచేయడం మానేశాయని 2004లో పత్రికల్లో వచ్చింది. దీపాలను కంప్యూటర్లు నడుపుతున్నాయి, బొత్తాలు తీయించడం ఖర్చని వదిలేశారు. జనం మాత్రం నొక్కుతూనే ఉన్నారు. దీపం దాని వేళకు అది వచ్చేది, తాము నొక్కినందువల్లే వచ్చిందని సంతోషించేవారు. ఆ బొత్తం ఎవరితోనూ ఒక్క మాటా అనలేదు. అయినా రోజూ వేలమందికి ఏదో చెప్పింది. ఎందుకంటే బొత్తం ఆకారమే ఒక మాట. ‘నన్ను నొక్కు, పని జరుగుతుంది’ అని దాని అర్థం. చెయ్యి చాపినవాడు నోరు తెరవకపోయినా అడుగుతున్నట్టే. మీట గమ్మున ఉన్నట్టు కనబడుతుంది గానీ, ఉండదు.

ఇంత ఉపన్యాసమూ విని బావమరిది, “అయితే ఇప్పుడు కాణిపాకం బోయి ప్రమాణం చెయ్యమంటావా ఏంది?” అన్నాడు.

ఆ మాట ఊరికే రాలేదు. కాణిపాకం ఐరాల మండలంలోదే. బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. ఆయన ఎదుట అబద్ధమాడితే శిక్ష తప్పదని చుట్టుపక్కల గట్టి నమ్మకం. తాగుడు మానతానన్నవాడు, అప్పు తీర్చేశానన్నవాడు అక్కడికి వచ్చి తడిబట్టలతో ప్రమాణం చేస్తారు. ప్రమాణం పేరెత్తగానే తగవు సర్దుకునే సందర్భాలూ లేకపోలేదు. అయితే అక్కడ ప్రమాణం చేసేది నోటి మాట మీద. నోరు విప్పకుండా ఎదుటివాడిని నమ్మనిచ్చే పద్ధతికి మనం ఇంకా ఏ దేవుణ్ణీ నియమించుకోలేదు. దానికి ఎవరికి వారే.

చర్చ తేల్చింది అత్త. చింతపండు చేట పక్కన పెట్టి, “అడగలేదని నేను చెప్పకపోతి. ఏమాయె? ఆరేండ్లు బండి మూలబడె. అడక్కుంటే చెప్పకుండేది మంచిదే అయితే, ఇదంతా ఏంటికి జరిగె?” అంది.

తర్కశాస్త్రం చదివినవాళ్ళు ఇంతకంటే బాగా చెప్పగలరేమో, నాకు నమ్మకం లేదు.

మీటల సంగతి అది. ఇక మూతలు మిగిలాయి. నిజానికి నాకు వాటిమీదే ఎక్కువ ప్రేమ. ఆ మూడు నల్లమూతల్లో పెద్దది రేడియోకు వదిలిన చోటు. రేడియో విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాలి. పైగా ఆ రోజుల్లో రేడియో ఉన్నవాళ్ళు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. 1980లలో గానీ ఆ బెడద వదల్లేదు. “ఇంట్లో దానికి కట్టేది చాలదా, రోడ్డుమీద పాటలు వినేదానికి కూడా కట్టాల్నా” అని మామ మూతతోనే సరిపెట్టుకున్నాడు. రెండోది చలిదేశంలో పుట్టిన నమూనా గనక హీటరుకు. ఐరాలలో కారుకు హీటరు ఎందుకండీ, ఏప్రిల్ నెలలో కారే హీటరు! మూడోది గడియారానికట. ఎండపొడ చూసి వేళ చెప్పే రైతుకు అదీ అక్కర్లేకపోయింది.

చాలామందికి మూత అంటే చిన్నతనం. ఈనాటి కార్లలోనూ అంతే. తక్కువ ధర రకం కొన్నవాడికి స్టీరింగు పక్కనే రెండు మూడు మూతలు ఉంటాయి. ‘నువ్వు ఇంకో లక్ష పెట్టి ఉంటే ఇక్కడ ఒక మీట ఉండేది’ అని అవి రోజూ దెప్పుతున్నట్టు ఉంటుందని మా వీధిలో ఒకాయన వాపోతాడు. కానీ మూత మాట్లాడే మాట వినండి. ‘ఇక్కడ ఏమీ లేదు’ అంటుంది. నిజంగానే ఏమీ లేదు. డాష్‌బోర్డు మొత్తంమీద ఎన్నడూ అబద్ధం చెప్పనిది అదొక్కటే. మీట చెడిపోవచ్చు, ముల్లు తప్పుడు లెక్క చూపవచ్చు, మూత మాత్రం తన మాట తప్పదు. పైగా, ‘కావాలంటే రేపు పెట్టుకోవచ్చు, చోటు ఉంచాను’ అని కూడా అంటుంది.

దీన్ని తలకిందులు చేసిన ఘనత మన కాలానిది. జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. వారు 2022లో కొన్ని దేశాల్లో ఒక కొత్త పద్ధతి తెచ్చారు. సీటును వెచ్చబరిచే సరంజామా అంతా కారులో ముందే ఉంటుంది. కానీ నెలనెలా చందా కడితేనే అది పనిచేస్తుంది. జనం ఊరుకోలేదు. మరుసటి ఏడు కంపెనీ ఆ పద్ధతి మానుకుంది. పాత కారులో మూత వెనక ఏమీ లేదు, అందుకే మూత. ఈ కొత్త పద్ధతిలో అన్నీ ఉన్నాయి, అయినా మూతే. మొదటిది లేమి. రెండోది ఉండీ ఇవ్వకపోవడం. లేమికి సిగ్గుపడక్కర్లేదు. సిగ్గుపడాల్సింది రెండోదానికి.

మనుషుల్లోనూ మూతలు ఉంటాయి కదండీ. నాకు సంగీతం తెలియదు. అక్కడ మూత ఉంది. కచేరీలో కూచుని తల ఊపితే అక్కడ మామగారి నికెలు మీట బిగించుకున్నట్టే. పక్కవాడు నన్ను రసికుడనుకుని రాగం పేరు అడిగేదాకా బాగానే ఉంటుంది. ‘నాకు తెలియదండీ’ అన్న మాట మహా అందమైన మూత. దాన్ని బిగించుకోగలిగినవాడి దగ్గర మిగతా మీటలన్నీ పనిచేస్తాయని నమ్మవచ్చు.

తెలియనిదానితో ఎలా నడుచుకోవాలన్నది కదా మొదట వేసుకున్న ప్రశ్న. నొక్కి చూడడం మంచిదే, అది నిప్పంటించే మీట కాదని రూఢి అయితే. పీకి పారేయడానికి మాత్రం తొందరపడకూడదు. నాకు దాని పని తెలియదనడం వేరు, దానికి పని లేదనడం వేరు. మొదటిది నా సంగతి, రెండోది దాని సంగతి. వెనక వైరు పట్టుకుని చివరిదాకా పోయి చూసినవాడికే రెండో మాట అనే హక్కు వస్తుంది. పట్టించుకోకుండా పోయేవాళ్ళ వల్ల ఏ కీడూ లేదనుకుంటాం. ఆ కొట్టంలో కారు ఆరేళ్ళు పడి ఉన్నది వాళ్ళ పుణ్యమే.

బావమరిది తెల్లకాగితం మీద అన్నీ వరసగా రాశాడు. ఫాగ్ ల్యాంపుల మీట, ల్యాంపులు లేవు. ఎడమ చివరి మీట, దేనికీ కాదు. మూతలు మూడు, మొదటినుంచీ ఉన్నవే. చెన్నై ఆయన వచ్చాడు, కాగితం చదివాడు, లేనివాటి పేరు చెప్పి ధర కొంత తగ్గించాడు. నిజం చెబితే లాభం వస్తుందని నేను మీకు కథ అల్లి చెప్పడం లేదు. తగ్గించాడు, అంతే. కూతురి చదువుకు ఆ తగ్గినమేరకు ఎక్కడో సర్దుకోవాల్సి వచ్చింది. కాగితంలో ఒక్క సంగతి మాత్రం రాయలేదు. దొంగ మీట కాగితం మీద పెట్టేది కాదని, దాన్ని తానే చూపిస్తానని అత్త పట్టుబట్టింది. డెబ్భై ఏళ్ళు దాటిన ఆవిడ మెల్లగా వచ్చి, జీవితంలో మొదటిసారి డ్రైవరు సీట్లో కూచుని, చెయ్యి కిందికి పెట్టి టిక్కుమనిపించి, కొన్నాయన కేసి చూసింది.

“ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పిపెట్టు నాయనా” అంది.

ఆ సలహాకు ఆయన ఎంత విలువ కట్టాడో నాకు తెలియదు. మీరు మాత్రం ఈ రాత్రి భోజనాల దగ్గర, ఇన్నాళ్ళూ ఏమీ అడగని మనిషిని ఒక్కమాట అడిగి చూడండి. ఏ మీట ఎక్కడుందో ఆవిడకు తెలిసే ఉంటుంది.